ఆరేళ్ళు, 14 వేల తూటాలు: నేను కూర్చుకున్న పాయింట్ టూ టూ రైఫిల్

కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో నాకు ఐదు తూటాలు ఇచ్చారు. నేల మీద బోర్లా పడుకుని, పాయింట్ టూ టూ (తూటా మందం సుమారు 0.22 అంగుళం) రైఫిల్ భుజానికి ఆనించి, పాతిక గజాల అవతల ఉన్న కాగితం మీద ఆ ఐదూ కాల్చాను. ఇంకో ఐదు ఇస్తే బాగుండునని ఆ తర్వాత చాలా ఏళ్ళు అనుకున్నాను. టెక్సాస్‌లో స్థిరపడి, గ్రీన్ కార్డు వచ్చాక, 2019లో ఒక సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలి, తర్వాతి తూటా తనే ఎక్కే) పాయింట్ టూ టూ రైఫిల్‌ని విడిభాగాలు ఏరి కూర్చుకున్నాను. నా నోటుబుక్కు లెక్క ప్రకారం ఇప్పటికి 14 వేల తూటాలు దాటింది. ఇన్నాళ్ళు వాడాక ఏది పనికొచ్చిందో, ఏది దండగో చెప్పగలను అనిపించి రాస్తున్నాను.

ముందే ఒక మాట. కూర్చే పనికి దిగిన ప్రతివాళ్ళూ మొదట బారెల్ (తూటా దూసుకెళ్ళే గొట్టం) గురించే ఆలోచిస్తారు. నేనూ అంతే, డబ్బులో సగం దాని మీదే పెట్టాను. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే ముందు ట్రిగ్గర్, తర్వాత నా ఒంటికి సరిపోయే స్టాక్ (భుజానికి ఆనించే పిడి), ఆ తర్వాత పది రకాల తూటాలు తలా ఒక పెట్టె కొంటాను. బారెల్ సంగతి వాటి తర్వాతే.

నేను ఎంచుకున్న పద్ధతి రూగర్ అనే అమెరికన్ కంపెనీ 10/22 రైఫిల్‌ది. 1964లో వచ్చిన ఈ రైఫిల్‌ని విప్పడం చాలా తేలిక. స్టాక్‌కి ఒక స్క్రూ, ట్రిగ్గర్ మొత్తానికి రెండు పిన్నులు, బారెల్‌ని బిగించే దిమ్మకి రెండు స్క్రూలు, అంతే. అందుకే దీనికి సరిపోయే భాగాలు తయారుచేసే కంపెనీలు బోలెడు పుట్టుకొచ్చాయి. రిసీవర్ (మిగతా భాగాలన్నీ బిగించే నడిమి పెట్టె) కూడా వేరే కంపెనీది దొరుకుతుంది. నేను అల్యూమినియం దిమ్మ నుంచి చెక్కిన రిసీవర్ తీసుకున్నాను. వెనక రంధ్రం ఉంటుంది కాబట్టి శుభ్రంచేసే కడ్డీని చాంబర్ (బారెల్ వెనక చివర తూటా కూర్చునే గది) వైపు నుంచే దూర్చవచ్చు. చూడడానికి చిన్న విషయమే. కానీ ప్రతిసారీ మూతి వైపు నుంచి కడ్డీ తోస్తే బారెల్ అంచు అరిగే భయం ఉంటుంది. ఈ రంధ్రం వల్ల నాకు ఆ బాధ లేకుండా పోయింది.

చట్టం సంగతి మన వాళ్ళకి తప్పకుండా చెప్పాలి. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో ఇలాంటి రైఫిల్‌కి రిసీవరే తుపాకీ. బారెల్, స్టాక్, ట్రిగ్గర్ మామూలుగా ఇంటికే పోస్టులో వచ్చాయి. రిసీవర్ మాత్రం లైసెన్సున్న డీలర్ దగ్గరికి వచ్చింది. అక్కడ 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే చేతికిచ్చారు. ఎచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళని తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. కొన్ని మినహాయింపులున్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌నే అడగండి. ఫ్రెండ్ పిలిచాడని రేంజ్‌కి వెళ్ళి, రైఫిల్ పట్టుకుని ఫోటో దిగి, ఆ ఫోటో అందరికీ పంపే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. మా ఇంట్లో అయితే ఇనప సేఫ్ గోడకి బిగించాకే రైఫిల్ రావాలని మా ఆవిడ అంది. అలాగే చేశాం.

ఇక బారెల్ కథ. మొదట కొన్నది 20 అంగుళాల పొడవు, 0.920 అంగుళాల మందం ఉన్న బరువైన ఉక్కు బారెల్. పోటీలకి వాడే బిగుతు చాంబర్ అని రాశారు, అది చూసే కొన్నాను. మొదటి రోజే 50 గజాల దగ్గర ఐదు తూటాల గ్రూపు (కాగితం మీద రంధ్రాలు పరుచుకున్న వెడల్పు) 0.6 అంగుళాలు వచ్చింది. కాగితం ఇంటికి తెచ్చి దాచుకున్నాను కూడా. రెండో వారం నుంచి తంటా మొదలైంది. 150 తూటాలు దాటేసరికి బోల్ట్ (తూటాని చాంబర్‌లోకి తోసి వెనక నుంచి మూసే ఉక్కు దిమ్మ) పూర్తిగా ముందుకు వెళ్ళి మూసుకోవడం మానేసింది. రైఫిల్ మూతిని గురి వైపే ఉంచి, హ్యాండిల్ వెనక్కి లాగి, కాలని తూటాని బయటికి తీసి చూశాను. మెత్తటి సీసం మీద గోటితో గీసినట్టు సన్నటి గీతలు, చుట్టూ సమాన దూరంలో ఉన్నాయి. అంటే చాంబర్ అంత పొట్టిది. తూటా లోపల కూర్చునేటప్పుడే దాని ముక్కు బారెల్ లోపలి మెలి గాట్లలోకి దిగబడుతోంది.

చేత్తో బోల్ట్ తోసే రైఫిల్‌లో ఇది ఇబ్బంది కాదు, ఇంకాస్త గట్టిగా తోస్తే సరి. సెమీ ఆటోలో బోల్ట్‌ని ముందుకు తోసేది ఒక చిన్న స్ప్రింగు. చాంబర్‌లో తూటాలకి పూసిన మైనం, మసి పేరుకున్నకొద్దీ ఆ స్ప్రింగు ఓడిపోతుంది. బోల్ట్ సరిగ్గా మూసుకోకుండా తూటా పేలితే ఇత్తడి కేసు వెనకవైపు చిట్లే ప్రమాదం కూడా ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఈ బారెల్‌కి ఫలానా రెండు రకాల తూటాలే వాడాలన్నారు, వెనక్కి మాత్రం తీసుకోలేదు. ఆ మాట అమ్మేటప్పుడు చెప్పి ఉంటే కొనేవాడినే కాదు.

బరువు ఇంకో సమస్య. స్కోపుతో కలిపి రైఫిల్ తొమ్మిది పౌండ్లు తూగింది. బల్ల మీద పెట్టి కాల్చేవాళ్ళకి అది వరం. నేను వెళ్ళేది ప్రాజెక్ట్ ఆపిల్‌సీడ్ అనే రైఫిల్ గురి శిక్షణకి. అక్కడ నిలబడి, కూర్చుని, పడుకుని కాల్చాలి. 250కి 210 మార్కులు వస్తే రైఫిల్‌మన్ బ్యాడ్జీ ఇస్తారు. నిలబడి కాల్చే వంతు వచ్చేసరికి నా ఎడమ చేయి వణికేది. మొదటిసారి 187 దగ్గర ఆగిపోయాను.

రెండో ఏడాది బారెల్ మార్చాను. 18 అంగుళాలు, బయట అల్యూమినియం, లోపల సన్నటి ఉక్కు గొట్టం, బెంజ్ చాంబర్. బెంజ్ అంటే మామూలు చాంబర్‌కీ పోటీ చాంబర్‌కీ మధ్య రకం. సెమీ ఆటోకి ఇదే కొనండి. గ్రూపు 0.6 నుంచి 0.8కి పెరిగింది, నిజమే. కానీ 400 తూటాలు కాల్చినా అడ్డుపడదు, చేయి వణకదు. ఆ ఏడాదే 214 వచ్చింది.

ట్రిగ్గర్ విషయంలో మాత్రం నాకు పశ్చాత్తాపం లేదు. మొదట రూగర్ వాళ్ళ బీఎక్స్ ట్రిగ్గర్ పెట్టాను. 90 డాలర్ల చుట్టుపక్కల దొరికింది, లాగడానికి మూడు పౌండ్ల లోపు బలం చాలు. చాలామందికి ఇక్కడితో ఆగిపోవచ్చు. రెండేళ్ళ తర్వాత కిడ్ కంపెనీ రెండు అంచెల ట్రిగ్గర్‌కి మారాను. మొదటి అంచె తేలిగ్గా వెనక్కి వస్తుంది, తర్వాత ఒక గోడ తగిలినట్టు ఆగుతుంది, అక్కడి నుంచి ఇంకాస్త నొక్కితే పేలుతుంది. బైక్ క్లచ్ వదిలేటప్పుడు ఎక్కడ పట్టుకుంటుందో వేళ్ళకి తెలుస్తుంది చూడండి, అలా. ఊపిరి వదిలి ఆ గోడ దగ్గర ఆగి చూసుకునే వీలు నాకు ఏ బారెల్ కన్నా ఎక్కువ మార్కులు తెచ్చింది. ధర మాత్రం బీఎక్స్‌కి మూడు రెట్లు. ఒకటే విన్నపం: ఉన్న ట్రిగ్గర్‌ని ఇంట్లో ఆకురాయితో అరగదీసి తేలిక చేయాలని చూడొద్దు. సేఫ్టీ పనిచేయకుండా పోతే ప్రాణాల మీదికి వస్తుంది.

స్టాక్ మాగ్‌పుల్ వాళ్ళ ఎక్స్-22. ప్లాస్టిక్‌దే అయినా గట్టిది. నా ఎత్తు ఐదడుగుల ఆరు. వెనక ముక్కలు తీసేసి పొడవు తగ్గించుకోగానే మెడ సాగదీయాల్సిన పని తప్పింది. పదమూడేళ్ళ మా వాడు కాల్చేటప్పుడు ఇంకో ముక్క తీస్తాను, ఐదు నిమిషాల పని. లోపల బారెల్ కూర్చునే పళ్ళెం తిరగేస్తే సన్న బారెల్‌కీ లావు బారెల్‌కీ సరిపోతుంది. చెంప ఆనించే దిమ్మ ఎత్తు పెంచేది విడిగా కొనుక్కోవాలి. స్కోపు పెట్టేట్టయితే అది తప్పనిసరి, లేకపోతే గడ్డం గాల్లో ఉంటుంది. స్టాక్ స్క్రూని ఎప్పుడూ ఒకే బిగువుకి టార్క్ రెంచ్‌తో బిగిస్తాను. అటూ ఇటూ అయితే గురి జరగడం రెండుసార్లు కాగితం మీద చూశాను.

తూటాల గురించి 2020లో బాగా తెలిసొచ్చింది. కరోనా రోజుల్లో దుకాణాల్లో అరలు ఖాళీ. దొరికిందల్లా కొని కాల్చాల్సి వచ్చింది, అందువల్లే ఏ రకం నా రైఫిల్‌కి నచ్చుతుందో తెలిసింది. పాయింట్ టూ టూ లాంటి రిమ్‌ఫైర్ తూటాకి పేలే మందు కేసు అంచులోనే ఉంటుంది, సెంటర్‌ఫైర్ (ఆ మందు కేసు అడుగున మధ్యలో ఉండే) తూటాలా ఇంట్లో మళ్ళీ నింపుకునే వీలు లేదు. ఫ్యాక్టరీ ఏమిచ్చిందో అదే. జర్మనీ నుంచి వచ్చే ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ నా బారెల్‌కి అన్నిటికన్నా నచ్చింది. రోజువారీ సాధనకి సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ, వేగం సెకనుకి 1,070 అడుగులు. ధ్వని వేగం కన్నా తక్కువ కాబట్టి దారిలో ఆ గీత దాటేటప్పుడు వచ్చే కుదుపు ఉండదు. రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది తూటాలూ లెక్కలోకి తీసుకోకండి. పాత మైనం పోయి కొత్త మైనం బారెల్‌లో పరుచుకోవాలి. పది రకాల పెట్టెలకి నాకు అయిన ఖర్చు వంద డాలర్ల పైచిలుకు. మొదటి బారెల్‌కి నేను తగలేసిన దాంట్లో అది మూడో వంతు కూడా కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మ్యాగజైన్ రూగర్ వాళ్ళ గుండ్రటి పది తూటాలదే, ఆరింటిలో ఒక్కటీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. వోల్‌క్వార్ట్‌సెన్ కంపెనీ ఎక్స్‌ట్రాక్టర్ (కాలిన కేసుని పట్టి లాగే కొక్కెం) చిన్న ముక్కే, కొనండి, ఖాళీ కేసులు శుభ్రంగా బయటికి వస్తాయి. బోల్ట్ వెనక తగిలే ఉక్కు పిన్ను బదులు ప్లాస్టిక్ పిన్ను పెడితే టక్‌మనే ఇనప చప్పుడు తగ్గుతుంది, గురిలో తేడా ఏమీ లేదు. రంగురంగుల హ్యాండిల్ దండగ. స్కోపు కొనేటప్పుడు పారలాక్స్ 50 గజాలకి పెట్టింది గానీ, మనం మార్చుకోగలిగేది గానీ చూసుకోండి. పెద్ద రైఫిళ్ళ కోసం 100 గజాలకి పెట్టినది పాతిక గజాల దగ్గర కన్ను కాస్త కదిలితే చాలు, గురి పక్కకి జరిగినట్టు చూపిస్తుంది.

ఈ ఆరేళ్ళలో అరిగిపోయి మార్చినవి రెండే: బోల్ట్ స్ప్రింగు ఒకటి, ప్లాస్టిక్ పిన్ను ఒకటి. ఆ బరువైన బారెల్ ఇంకా సేఫ్‌లో నూనె గుడ్డ చుట్టి ఉంది. బల్ల మీద పెట్టి కాల్చే స్నేహితుడు ఒకాయన అడిగాడు. ఏ రెండు రకాల తూటాలు మాత్రమే వాడాలో కాగితం మీద రాసి, దాంతో పాటు ఈ శనివారం ఇస్తున్నాను.