నోర్డ్‌లింగెన్‌లో రెండు రాత్రులు

హార్బుర్గ్ స్టేషన్ దాటగానే రైలుకు రెండు వైపులా ఉన్న కొండలు పక్కకు తప్పుకున్నాయి. అంతవరకు నది వెంట ఇరుకు లోయలో, గుట్ట మీది పెద్ద కోటను మెడలు తిప్పి చూస్తూ వచ్చిన మేము, ఉన్నట్టుండి బల్లపరుపు మైదానంలోకి వచ్చి పడ్డాం. గోధుమ చేలు, అక్కడక్కడ చర్చి శిఖరాలు, చాలా దూరంలో చుట్టూ గీత గీసినట్టు నీలి కొండలు. ముప్పై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఊరుకోలేక మా ఆవిడతో, "ఇప్పుడు మనం గుంటలోకి దిగాం" అన్నాను. ఆమె కిటికీలోంచి అటూ ఇటూ చూసి, "గుంట ఎక్కడండీ? అంతా పొలాలే కదా" అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. దాదాపు 24 కిలోమీటర్ల వెడల్పున్న గుంట అడుగున ఉన్నవాళ్లకు గుంట కనిపించదు. సుమారు కోటిన్నర సంవత్సరాల క్రితం, కిలోమీటరు పైచిలుకు వెడల్పున్న గ్రహశకలం ఒకటి ఇక్కడ పడింది. నేల చిట్లి, కరిగి, ఆకాశానికి ఎగిసి, తిరిగి రాలింది. తర్వాత ఆ గుంటలో నీళ్లు నిండి చాలా కాలం సరస్సుగా ఉంది. ఆ సరస్సు పూడిపోయి చివరకు మంచి పంటభూమి అయింది. దీన్ని రీస్ అంటారు. అందులో, జర్మనీలోని బవేరియా రాష్ట్రం పడమటి అంచున, 20 వేల చిల్లర జనాభాతో ఉన్న ఊరు నోర్డ్‌లింగెన్. మహారాష్ట్రలోని లోనార్ సరస్సుకు ఒకసారి మా బడి పిల్లలను తీసుకెళ్లాను. అది రెండు కిలోమీటర్లకన్నా తక్కువ వెడల్పు. గట్టు మీద నిలబడితే మొత్తం ఒక్క చూపులో పడుతుంది, పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. రీస్ అంత సులువుగా చిక్కదు. గోపురం ఎక్కాలి, రాయిని చేత్తో తడమాలి, ఓపిక పట్టాలి. అందుకే పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయమన్న మా అమ్మాయి మాట వినకుండా రెండు రాత్రులకు గది తీసుకోమన్నాను.

మ్యూనిక్ నుంచి దారి కష్టమేమీ కాదు. డొనావర్త్‌లో రైలు మారాలి, అన్నీ సవ్యంగా ఉంటే రెండు గంటల ప్రయాణం. బవేరియా అంతటా చెల్లే ఒక్కరోజు టికెట్ ఒకటే ఐదుగురి వరకు సరిపోతుంది. పనిరోజుల్లో మాత్రం ఉదయం 9 గంటల తర్వాతే చెల్లుతుంది. మేము వెళ్లిన శుక్రవారం అన్నీ సవ్యంగా లేవు. మొదటి రైలు ఆలస్యమై, ఎక్కవలసిన రెండో రైలు మా కళ్ల ముందే కదిలిపోయింది. ప్లాట్‌ఫారం మీద గంట కూర్చున్నాం. ప్రకటనలన్నీ జర్మన్‌లోనే. పెద్దవయసువాళ్లు వెళ్తుంటే రెండు రైళ్ల మధ్య కనీసం అరగంట ఎడం ఉండేలా చూసుకోవడం మంచిది.

ఆ ఆలస్యం వల్ల బస దగ్గర మరో ఇబ్బంది వచ్చింది. కోటగోడ లోపల ఒక కుటుంబం నడుపుకునే చిన్న బస అది. ఉదయం ఫలహారంతో కలిపి ఇద్దరికి రాత్రికి 95 యూరోలు. సాయంత్రం ఆరు తర్వాత అక్కడ ఎవరూ ఉండరు. గోడకు బిగించిన చిన్న పెట్టెలో తాళంచెవి పెడతారు, ఫోనుకు పంపిన అంకెలు నొక్కితే పెట్టె తెరుచుకోవాలి. మాకు తెరుచుకోలేదు. చీకటి పడుతుంటే పెట్టెలతో వీధిలో నిలబడిన మమ్మల్ని చూసి ఎదురింటి పెద్దావిడ బయటికి వచ్చింది. మాట కలవకపోయినా సంగతి గ్రహించి, ఫోను చేసి యజమానురాలిని పిలిపించింది. ఆమె సైకిల్ మీద వచ్చి, పదేపదే మన్నించమని అడిగి, మా పెట్టెలు తానే మోసుకుంటూ మూడో అంతస్తుకు నడిచింది. లిఫ్టు లేదు, చెక్క మెట్లు నిటారుగా ఉన్నాయి. గది మాత్రం శుభ్రంగా, వెచ్చగా ఉంది. కిటికీ తెరిస్తే సెయింట్ గేయోర్గ్ చర్చి గోపురం ఎదురుగా నిలబడింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గోడ బయట కొత్త హోటళ్లు చూసుకోవాలి. నా మటుకు నేను ఆ కిటికీ కోసం ఇంకో రెండు అంతస్తులైనా ఎక్కుతాను.

మరునాడు పొద్దున్నే కోటగోడ ఎక్కాం. 1327లో కట్టడం మొదలుపెట్టిన ప్రాకారం ఇది. చుట్టుకొలత సుమారు 2.7 కిలోమీటర్లు, ఐదు ద్వారాలు. పైన పెంకుల కప్పు, కింద నడవడానికి దారి. ఎక్కడా తెగకుండా ఊరంతా చుట్టి బయల్దేరిన చోటికే రావచ్చు. జర్మనీలో ఇలా పూర్తిగా చుట్టి రాగలిగిన కోటగోడ ఇదొక్కటే అంటారు. రుసుము లేదు, ద్వారం పక్కన మెట్లెక్కితే చాలు. మేము ఆగుతూ ఆగుతూ గంటన్నర నడిచాం. నాకు నచ్చింది గోడకన్నా గోడ లోపలి బతుకు. గోడకు వీపు ఆనించి కట్టిన చిన్న చిన్న ఇళ్లు, పైనుంచి చూస్తే చేతికి అందేటంత దగ్గరలో పెరళ్లు. ఒక పెరట్లో టమాటా మొక్కలకు కర్రలు కడుతున్నారు, ఇంకో చోట దండెం మీద పిల్లల బట్టలు. సంచి తగిలించుకుని ఒక కుర్రాడు మమ్మల్ని దాటుకుంటూ గోడ మీదే నడిచి పక్క ద్వారం దగ్గర దిగిపోయాడు. వాళ్లకు అది రోజూ నడిచే దారి. ఉత్తరం వైపు ఏగర్ వాగు పక్కన పాత తోళ్ల పనివాళ్ల పేట ఉంది. తోళ్లు ఆరబెట్టడానికి పై అంతస్తుల్లో తెరిచి ఉంచిన చెక్క అటకలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎక్కువమంది యాత్రికులు ఆ వైపు రావడం లేదు. మీరు తప్పకుండా వెళ్లండి.

లోప్సింగెన్ ద్వారం దగ్గర ఊరివాళ్లంతా చెప్పుకునే కథ ఒకటుంది. 1440లో పక్క సంస్థానపు ప్రభువు ఈ ఊరిని పట్టుకోవాలని ద్వారపాలకులకు లంచమిచ్చాడట. ఆ రాత్రి తలుపు గడియ వేయకుండా వదిలేశారు. తప్పించుకు తిరుగుతున్న ఒక ఆడపంది వీపు గోక్కోవడానికి తలుపుకు రాసుకుంటే అది కదిలింది. దారిన పోతున్న ఒక స్త్రీ అది చూసి కేకవేసి ఊరిని లేపింది. ఊరు నిలిచింది. అందుకే ఇక్కడి దుకాణాల్లో ఎక్కడ చూసినా పంది బొమ్మలు.

మా కిటికీలోంచి కనిపించిన చర్చి గోపురానికి డానియేల్ అని పేరు. 90 మీటర్ల ఎత్తు, 350 మెట్లు. కింది భాగం రాతి మెట్లు, పైన చెక్కవి. మధ్యలో మనిషి లోపల నిలబడి తొక్కే పెద్ద చెక్క చక్రం ఉంది, పూర్వం బరువులు పైకి లాగడానికి వాడేవారు. మా ఆవిడ మూడుసార్లు కూర్చుని, నాలుగోసారి నాకన్నా ముందే పైకి చేరింది. పైనుంచి చూస్తే ఎర్ర పెంకుల ఊరు పళ్లెంలో పెట్టినంత గుండ్రంగా ఉంది. లోపల ఇంకో గుండ్రటి వీధి కనిపిస్తుంది, మొదటి ప్రాకారం ఉన్న చోటు అది. చాలామంది ఈ ఫోటో చూసి ఊరి గోడనే ఉల్క గుంట అంచు అనుకుంటారు. గోడ వలయం వెడల్పు కిలోమీటరు లోపే. అసలు అంచు దిగంతంలో ఉంది. అప్పుడు చేయి చాపి ఆ నీలి కొండల వలయాన్ని మా ఆవిడకు చూపించాను. ఆమె నెమ్మదిగా చుట్టూ తిరిగి చూసి, "ఇంత పెద్దదా" అని ఊరుకుంది. ఇక్కడినుంచి 99 ఊళ్లు కనబడతాయని సామెతగా చెబుతారు.

దిగాక చర్చి గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. 1427లో మొదలై 1505లో పూర్తయిన కట్టడం ఇది. దీన్ని కట్టిన రాయిని సూవైట్ అంటారు. బూడిదరంగు, గరుకుగా ఉంటుంది, మధ్య మధ్య నల్లటి గాజు పెళ్లలు పొదిగినట్టు కనిపిస్తాయి. ఆ గాజు ఉల్కపాతపు వేడికి కరిగి గడ్డకట్టిన రాయి. వేలితో తడిమితే గాజు నున్నగా, చుట్టూ ఉన్నది ఇసుకలా తగులుతాయి. కంటికి ఆనని వజ్రాలు కూడా ఇందులో ఉన్నాయి, ఆ ఒత్తిడికి రాతిలోని గ్రాఫైట్ వజ్రమైంది. 20వ శతాబ్దం మధ్య వరకు చాలామంది దీన్ని అగ్నిపర్వతపు రాయి అనే అనుకున్నారు. 1960లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్ దగ్గరలోని రాతిగని నుంచి నమూనాలు తీసుకున్నారు. వాటిలో ఎడ్వర్డ్ చావ్‌తో కలిసి, విపరీతమైన ఒత్తిడిలోనే పుట్టే కోయెసైట్ అనే ఖనిజాన్ని గుర్తించి, ఇది ఉల్క గుంటేనని నిరూపించారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా చేతిలో ఉన్న పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంగా కూడా లేదు. ఆ రాయి మీద చేయి ఉంచినప్పుడు నా విద్యార్థులందరూ పక్కన ఉంటే బాగుండుననిపించింది.

దీనికి తోడుగా రీస్‌క్రాటర్ మ్యూజియం చూడాలి. 1503 నాటి పెద్ద కొట్టంలో 1990లో తెరిచారు. అపోలో 16 తెచ్చిన చంద్రశిల ఒకటి ఇక్కడ ఉంది. 1970 ఆగస్టులో అలన్ షెపర్డ్, ఎడ్గార్ మిచెల్, యూజీన్ సెర్నన్ తదితర వ్యోమగాములు చంద్రుడి మీద రాళ్లను ఎలా గుర్తించాలో నేర్చుకోవడానికి ఈ రీస్‌కే వచ్చారు. రెండు గంటలు కేటాయించండి. సోమవారం మూసి ఉంటుంది. ఈ ఊళ్లో డబ్బు పెట్టి చూడవలసిన వాటిలో గోపురం, ఇది, ఈ రెండూ చాలునని నా అభిప్రాయం. రైలింజన్లంటే ఇష్టమున్నవాళ్లకు స్టేషన్ వెనక బవేరియా రైల్వే మ్యూజియం కూడా ఉంది. మేము వెళ్లలేదు.

1215 నుంచి దాదాపు ఆరువందల ఏళ్లు ఈ ఊరు నేరుగా చక్రవర్తికి మాత్రమే లోబడిన స్వతంత్ర నగరం. సంతలతో బాగుపడింది. 1219లోనే ప్రస్తావన ఉన్న పెంతెకోస్తు తిరునాళ్ల ఇప్పటికీ ఏటా జరుగుతుంది. 1634 సెప్టెంబరులో ఊరి బయట గుట్టల మీద జరిగిన యుద్ధంలో స్వీడన్ సేనలు చిత్తుగా ఓడిపోయాయి. ఆ దెబ్బకు ఊరు కూడా కుంగిపోయింది. తర్వాత చాలా కాలం ఊరు గోడ దాటి పెరగనే లేదు.

గర్వపడలేని చరిత్రనూ ఈ ఊరు దాచుకోలేదు. 1589 నుంచి 1598 వరకు మంత్రగత్తెలని ముద్రవేసి 34 మంది స్త్రీలను, ఒక పురుషుణ్ణి చంపారు. మరియా హోల్ అనే పూటకూళ్లింటి యజమానురాలిని 1593లో పట్టుకుని యాభైకి పైగా సార్లు చిత్రహింసలు పెట్టారు. ఆమె చేయని నేరం ఒప్పుకోలేదు. 1594లో వదిలిపెట్టక తప్పలేదు. ఆమె పేరుతో ఊళ్లో ఒక ఫౌంటెన్ కట్టారు. నీళ్లు పారుతున్న ఆ చోట మా ఆవిడ చాలాసేపు కూర్చుంది.

బస యజమానురాలు ఆదివారం ఉదయం ఫలహారాల దగ్గర ఊరి సంగతులు చెప్పింది. ఇక్కడ పురపాలక ఎన్నికలు ఆరేళ్లకొకసారి. కౌన్సిల్‌లో ఎన్ని స్థానాలుంటే ఒక్కో ఓటరుకు అన్ని ఓట్లు. నచ్చిన అభ్యర్థికి మూడు ఓట్ల వరకు వేయవచ్చు, వేర్వేరు పార్టీల జాబితాల్లోంచి మనుషులను ఏరుకోవచ్చు. అందువల్ల బ్యాలెట్ పత్రం బల్ల మీద పరిచే గుడ్డంత ఉంటుందని రెండు చేతులూ చాపి చూపించింది. పార్టీకన్నా మనిషిని చూసి వేస్తామంది. అలాగే 1972 సంస్కరణల్లో ఈ ఊరు సొంత జిల్లా హోదా పోగొట్టుకుని డొనావర్త్ కేంద్రంగా ఉన్న జిల్లాలో కలిసింది. వాహనాల నంబరు పలకల మీద ఊరి పాత అక్షరాలను 2013లో తిరిగి అనుమతించారు. తన కారుకు ఆ పలకే పెట్టించుకున్నానని వీధిలోకి తీసుకెళ్లి మరీ చూపించింది. ఫుట్‌బాల్ ఆటగాడు గేర్డ్ ముల్లర్ పుట్టింది ఈ ఊళ్లోనే, స్టేడియానికి ఆయన పేరే.

ఆమె చెబితేనే పురపాలక భవనం బయటి రాతిమెట్ల కింది భాగంలో చెక్కిన విదూషకుడి బొమ్మ దగ్గరకు వెళ్లాం. 1618 నాటి మెట్లు అవి. బొమ్మ దగ్గర "ఇప్పుడు మనం ఇద్దరం" అని పాత జర్మన్‌లో రాసి ఉంది. నిలబడి చదివినవాళ్లకే ఆ మాట.

తిండి విషయానికి వస్తే, శాకాహారులకు చీజు కలిపిన ష్పెట్స్‌లే అనే నూడుల్స్ ఒక్కటే నమ్మకం. సూపుల్లో మాంసపు రసం ఉందేమో అడిగి తీరాలి. ఆపిల్ గుజ్జు నింపిన రీస్ రైతు కేకు బాగుంది. ఆదివారం దుకాణాలు ఉండవు కనుక శనివారమే పెరుగు, రొట్టె, పళ్లు కొనిపెట్టుకున్నాం. అమ్మాయి కట్టిచ్చిన పచ్చడి సీసా ఆదుకుంది.

రోటెన్‌బుర్గ్, డింకెల్స్‌బ్యూల్, నోర్డ్‌లింగెన్, ఈ మూడు పాత ఊళ్లూ ఒకే దారి మీద ఉన్నాయి. రోటెన్‌బుర్గ్ అందమైనదే. కానీ 1945 మార్చి బాంబుదాడిలో చాలా భాగం కూలి, దాతల డబ్బుతో మళ్లీ లేచింది. ఇప్పుడు పగలంతా మాలాంటి యాత్రికులతో నిండిపోతుంది. డింకెల్స్‌బ్యూల్ ప్రశాంతమైన ఊరు, బస్సులో వెళ్లాలి. ఒక్కదానికే సమయముంటే నేను నోర్డ్‌లింగెన్ అంటాను, అదీ రాత్రి ఉండగలిగితేనే.

ఎందుకంటే, ఇక్కడ గోపురం మీద ఇప్పటికీ కావలి మనిషి ఉన్నాడు. రాత్రి పది నుంచి పన్నెండు వరకు అరగంటకోసారి "సో, గ్‌సెల్, సో" అని కేకవేస్తాడు. "అంతా సవ్యమే, మిత్రమా" అన్నట్టు. మొదటి రాత్రి అలసి నిద్రపోయాం. రెండో రాత్రి దీపం ఆర్పి కిటికీ దగ్గర కూర్చున్నాం. పది గంటలు కొట్టాక పైనుంచి ఆ గొంతు సాగదీస్తూ దిగింది. కింద వీధిలో కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన తల ఎత్తలేదు. మణికట్టు గడియారం చూసుకుని, కుక్కను ఇంటివైపు మళ్లించాడు. మా ఆవిడ పదిన్నర కేక కూడా విందామంది. పదకొండుది కూడా విన్నాం.