ప్రజారోగ్య పరిశోధకుల పని చూడాలంటే గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ ఎంతవరకు పనికొస్తుంది?

ప్రజారోగ్యంలో ఎవరైనా పరిశోధకుల పేరు వినగానే చాలామంది చేసే మొదటి పని గూగుల్ స్కాలర్‌లో, అంటే పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ సర్వీసులో, ఆ పేరు కొట్టి చూడటం. పీహెచ్‌డీకి గైడ్ కోసం వెతికేవాళ్లు, సెలెక్షన్ కమిటీలో కూర్చునేవాళ్లు, ఆరోగ్య పథకం మీద వార్త రాస్తూ ఈయన మాటకి ఎంత విలువ ఇవ్వచ్చో తెలుసుకోవాలనుకునే రిపోర్టర్లు, అందరూ చివరికి అక్కడికే చేరతారు. ఇంతమంది ఆధారపడుతున్నప్పుడు దీన్ని కూడా ఒక సర్వీసులాగే చూసి రివ్యూ రాయాలి కదా. నా మార్కులు ముందే చెప్పేస్తున్నా. ఒక పరిశోధకుడి పని మొత్తం ఒకేచోట చూడటానికి 5కి 5. ఆ పని ప్రభావం ఎంతో తేల్చడానికి 5కి 2, అంతకుమించి ఇవ్వలేను.

స్కాలర్ మొదలైంది 2004 నవంబర్‌లో. అనురాగ్ ఆచార్య, అలెక్స్ వెర్‌స్టాక్ అనే గూగుల్ ఇంజినీర్లు తయారుచేశారు. పరిశోధకుల ప్రొఫైల్ పేజీలు 2011లో వచ్చాయి. డబ్బు కట్టక్కర్లేదు, చూడటానికి లాగిన్ కూడా అవసరం లేదు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లాంటి పేపర్ల డేటాబేస్‌లు పూర్తిగా వాడుకోవాలంటే మీ సంస్థ చందా కట్టాలి, అంటే పెద్ద యూనివర్సిటీ లైబ్రరీ లేనివాళ్లకి దారి మూసుకుపోయినట్టే. ప్రజారోగ్యంలో ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే ఇక్కడ పేపర్లు చదవాల్సినవాళ్లలో చాలామంది యూనివర్సిటీల బయటే ఉంటారు: హెల్త్ ఆఫీసర్లు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు, నర్సులు, ఆరోగ్యశాఖలో ఫైళ్లు చూసేవాళ్లు.

పేజీ తెరిస్తే పైన పేరు, సంస్థ, వెరిఫై అయిన ఈమెయిల్ ఏ సంస్థదో, కింద ఆసక్తి ఉన్న అంశాలు. పక్కన చిన్న పెట్టెలో మూడు అంకెలు, అంటే మొత్తం సైటేషన్లు (వేరే పేపర్లు వీళ్ల పేపర్లని ఎన్నిసార్లు ప్రస్తావించాయో ఆ లెక్క), హెచ్-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్. ఒక వరసలో మొత్తం కెరీర్‌వి, పక్క వరసలో ఈమధ్య సంవత్సరాలవి. దాని కింద ఏడాదికి ఒక బార్ చొప్పున గ్రాఫ్. ఆ తర్వాత పేపర్ల జాబితా, ఎక్కువ సైటేషన్లు ఉన్నది పైన వచ్చేలా. చాలామంది ఈ పెట్టె చూసి పేజీ మూసేస్తారు, అసలు చిక్కంతా అక్కడే. మీరు చేయాల్సింది ఇది: జాబితా పైన "ఇయర్" అని ఉంటుంది, దాన్ని నొక్కండి. అప్పుడు పేపర్లు తేదీల వరసలోకి మారతాయి. ఆ మనిషి పదేళ్ల క్రితం క్షయ మీద పనిచేసి ఇప్పుడు గాలి కాలుష్యం వైపు వెళ్లారా, లేక మొదటినుంచి ఒకే ప్రశ్నని పట్టుకుని వదలకుండా తవ్వుతున్నారా, ఈమధ్య రాయడం ఆపేశారా, ఇవన్నీ అప్పుడే కనబడతాయి. సైటేషన్ల వరసలో చూస్తే మాత్రం పదిహేనేళ్ల కిందటి ఒక్క పేపరే నెత్తిన కూర్చుని మిగతా అన్నిటినీ కప్పేస్తుంది.

ఇంకో మంచి విషయం దీని విస్తృతి. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ చాలా నమ్మకమైనది, అందులో సందేహం లేదు, కానీ అది ప్రధానంగా వైద్యం, జీవశాస్త్రాల సాహిత్యానికి సంబంధించినది. ప్రజారోగ్యం అంతటితో ఆగదు కదా. ఆసుపత్రి ఖర్చుల మీద ఆర్థికశాస్త్ర జర్నల్‌లో వచ్చిన పేపర్, ఆశా కార్యకర్తల లాంటివాళ్ల పని పరిస్థితుల మీద సమాజశాస్త్రంలో వచ్చిన వ్యాసం, ఎవరో విద్యార్థి థీసిస్, ప్రీప్రింట్ (జర్నల్‌లో అచ్చు కాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్), సంస్థలు వేసే నివేదిక, ఇవన్నీ స్కాలర్‌లో దొరుకుతాయి. సెర్చ్ ఫలితాల్లో ప్రతి పేపర్ కింద "ఆల్ వెర్షన్స్" అని ఉంటుంది, జర్నల్ సైట్‌లో డబ్బు అడిగే పేపర్‌కి ఫ్రీ పీడీఎఫ్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ప్రొఫైల్‌లో పబ్లిక్ యాక్సెస్ అనే పెట్టె కూడా ఉంది. నిధులిచ్చిన సంస్థ అందరికీ అందుబాటులో పెట్టాలని షరతు పెట్టిన పేపర్లలో ఎన్ని నిజంగా తెరిచి ఉన్నాయో, ఎన్ని లేవో అది చూపిస్తుంది. జనం ఆరోగ్యం మీద పని చేసినవాళ్ల విషయంలో హెచ్-ఇండెక్స్ కంటే ముందు నేను చూసేది ఈ పెట్టెనే.

ఇక అంకెల సంగతి. హెచ్-ఇండెక్స్‌ని 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి హెచ్-ఇండెక్స్ 20 అంటే, కనీసం 20 సైటేషన్లు వచ్చిన పేపర్లు వాళ్లకి 20 ఉన్నాయని అర్థం. ఐ10 అంటే 10 లేదా అంతకంటే ఎక్కువ సైటేషన్లు ఉన్న పేపర్లెన్ని అని, అంతే. వినడానికి బాగానే ఉంది. కానీ హెచ్-ఇండెక్స్ వయసుతో పాటు పెరగడమే తప్ప తగ్గదు, కాబట్టి ముప్ఫై ఏళ్లు పనిచేసినవారినీ ఆరేళ్ల కిందట పీహెచ్‌డీ అయినవారినీ దానితో పోల్చకూడదు. తమ పేపర్లని తామే సైట్ చేసుకున్నవి కూడా స్కాలర్ లెక్కలో కలిసిపోతాయి, స్కోపస్‌లో అయితే వాటిని తీసేసి చూసే వీలుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పేపర్‌లో వాళ్ల పాత్ర ఎంతో ఈ అంకెకి తెలియదు.

ప్రపంచం మొత్తం మీద వ్యాధుల భారాన్ని లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ పేపర్లే తీసుకోండి. 2020లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చిన పేపర్ 204 దేశాలు, ప్రాంతాల్లో 369 వ్యాధులు, గాయాల భారాన్ని అంచనా వేసింది. గొప్ప పని, వేల సైటేషన్లు రావడంలో ఆశ్చర్యం లేదు. కానీ దాని రచయితలు వందల మంది. మోడల్ కట్టినవారూ ఉంటారు, తమ దేశం డేటా చూసి వ్యాఖ్యలు పంపినవారూ ఉంటారు, ఆ వేల సైటేషన్లు మాత్రం ప్రతి ఒక్కరి ప్రొఫైల్‌లోనూ మొత్తంగా పడతాయి. జాబితాలో రచయితల పేర్లు కొన్ని చూపించి చుక్కలు పెట్టేస్తుంది, మీరు చూస్తున్న మనిషి ఆ చుక్కల్లో ఎక్కడున్నారో కనబడదు. కాబట్టి పేపర్ మీద నొక్కి, లోపలికి వెళ్లి, మొదటి పేరు ఎవరిది, చివరి పేరు ఎవరిది అని చూడాల్సిందే. అలా చూశాక అంకెలు పెద్దగా ఉన్న ప్రొఫైల్ మామూలుగా అనిపించడం, చిన్నగా ఉన్న ప్రొఫైల్‌లో నాలుగు ఆణిముత్యాలు బయటపడటం, రెండూ జరుగుతాయి.

సైటేషన్ అంటే మెచ్చుకోలు అని కూడా అనుకోకండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం 1998లో లాన్సెట్‌లో వేసిన పేపర్ కేవలం 12 మంది పిల్లల మీద ఆధారపడింది, 2010లో జర్నల్ దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంది. దాన్ని తప్పని నిరూపిస్తూ రాసిన ప్రతి పేపర్ కూడా దాన్ని సైట్ చేయక తప్పదు, ఆ సైటేషన్ కూడా లెక్కలో చేరుతుంది. కోవిడ్ సమయంలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాతో వచ్చిన పేపర్ 2020 మే 22న అచ్చయి జూన్ 4కల్లా రిట్రాక్ట్ అయింది, అంటే వెనక్కి తీసుకున్నారు. ఈలోపే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని తాత్కాలికంగా ఆపింది. అంటే ప్రభావం ఉంది, భారీగా ఉంది, కానీ అది ఎటువంటి ప్రభావమో అంకె చెప్పదు. పబ్‌మెడ్‌లో అయితే రిట్రాక్ట్ అయిన పేపర్ తెరవగానే పైన స్పష్టంగా హెచ్చరిక కనిపిస్తుంది. అందుకే స్కాలర్‌లో వెతికి, పబ్‌మెడ్‌లో సరిచూసుకోవడం మంచి అలవాటు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ దిలీప్ మహలనబిస్ అనే భారతీయ వైద్యుడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వ్యాపించినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో ఆయన బృందం పనిచేసింది. సెలైన్ అయిపోతోంది, రోగులు నేల మీద పడుకుని ఉన్నారు. గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో నింపి, తాగించే పనిని రోగుల బంధువులకే అప్పగించారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. ఆ అనుభవాన్ని 1973లో జాన్స్ హాప్‌కిన్స్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఇలా తాగించే ద్రవం, అంటే ఓఆర్‌ఎస్, ఇరవయ్యో శతాబ్దపు అత్యంత ముఖ్యమైన వైద్య ప్రగతి కావచ్చని లాన్సెట్ 1978లో సంపాదకీయం రాసింది. ఈరోజు ఒక తల్లి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చింపి లీటరు నీళ్లలో కలిపి బిడ్డకి పట్టిస్తే, ఆ పని ఏ సైటేషన్ లెక్కలోనూ చేరదు. ప్రజారోగ్యంలో ఒక ఫలితం గెలిచిందనడానికి గుర్తే అది అందరికీ మామూలు విషయం అయిపోవడం, మామూలు విషయమయ్యాక ఎవరూ మూల పేపర్‌ని సైట్ చేయరు. ఆయన చనిపోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. స్కాలర్ అంకెలు పక్కపక్కన పెట్టి మనుషుల్ని పోల్చే కమిటీ సభ్యులు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకున్నా నాకు చాలు.

మోసానికి కూడా చోటుంది. సిరిల్ లాబ్బే అనే ఫ్రెంచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త 2010లో ఐక్ అంట్‌కేర్ అనే లేని మనిషిని సృష్టించి, ప్రోగ్రామ్‌తో అర్థంలేని పేపర్లు తయారుచేయించి, స్కాలర్ లెక్కల్లో అతని హెచ్-ఇండెక్స్‌ని 94కి చేర్చి చూపించారు. స్కాలర్ ఏ పేపర్‌నీ ఎవరితోనూ పరీక్ష చేయించదు, అందుబాటులో ఉన్నదాన్ని ఏరుకొస్తుంది, అంతే.

మరి ప్రభావం ఎలా చూడాలి? "సైటెడ్ బై" అన్న లింక్ ఉంది కదా, ఈ సర్వీసులో అసలు బంగారం అదే. దాన్ని నొక్కితే ఆ పేపర్‌ని వాడుకున్న పేపర్లన్నీ వస్తాయి. పైన "సెర్చ్ వితిన్ సైటింగ్ ఆర్టికల్స్" అనే గడి టిక్ చేసి గైడ్‌లైన్, పాలసీ, సిస్టమాటిక్ రివ్యూ, లేదా ఒక దేశం పేరు ఇంగ్లిష్‌లో కొట్టండి. మూడు వేల సైటేషన్లున్న పేపర్‌ని అందరూ పరిచయ వాక్యంలో ఊరికే తలుచుకుని వదిలేశారా, నూట ఇరవై ఉన్న పేపర్ చికిత్స మార్గదర్శకాల్లోకి ఎక్కిందా, ఇది అరగంటలో తేలిపోతుంది. అరగంట ఎక్కువే అనిపించచ్చు, కానీ ఒకరి ఉద్యోగమో, ప్రమోషనో, గ్రాంటో నిర్ణయించేటప్పుడు అరగంట కూడా పెట్టకపోతే ఎలా?

పేర్ల గొడవ కూడా ఉంది, వాంగ్, లీ, కుమార్ లాంటి పేర్లయితే వేరేవాళ్ల పేపర్లు వచ్చి కలిసిపోతాయి. పెళ్లయ్యాక పేరు మారిన మహిళల పాత పేపర్లు తప్పిపోతాయి. సొంత ప్రొఫైల్ ఉన్నవాళ్లు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, ముందు ఈమెయిల్‌లో అడిగేలా సెట్టింగ్ పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ఆర్కిడ్ నంబర్ కూడా తీసుకోండి, ప్రతి పరిశోధకుడికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య అది, 16 అంకెలది, ఫ్రీ.

మీకు నచ్చిన పరిశోధకుల ప్రొఫైల్‌లో "ఫాలో" నొక్కి కొత్త పేపర్లకి అలర్ట్ పెట్టుకోండి, వాళ్ల పని బయటికొచ్చినప్పుడల్లా మెయిల్ వస్తుంది. గూగుల్‌ని నేను అడిగేవి రెండే. ప్రొఫైల్ జాబితాలో రిట్రాక్ట్ అయిన పేపర్ పక్కన ఎర్రగా ఒక గుర్తు పెట్టాలి, ఎంతమంది రచయితల్లో ఈయన ఎన్నోవారో పేపర్ కిందే చూపించాలి. ఈ రెండూ వస్తే నా 2 మార్కుల్ని సంతోషంగా 4 చేస్తాను.