పన్నెండు కోళ్లు, నాలుగు రకాల మేత, నీళ్ల డబ్బాలు: ఏది నిలబడింది, ఏది మూలపడింది

కొన్న దాణా అంతా కోడి కడుపులోకే పోతోందని అనుకుంటాం. తొట్టి కింద ఊక ఒక దోసెడు తీసి జల్లించి చూస్తే సంగతి తెలుస్తుంది. గ్రామప్రియ లాంటి గుడ్ల కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. పన్నెండింటికి కిలో మూడొందలు అనుకుందాం. అందులో పదో వంతు నేలపాలైతే నెలకు నాలుగు కిలోలు. ఏడాది తిరిగేసరికి దాదాపు 50 కిలోల బస్తా ఒకటి ఎలుకలకు పోసినట్టే.

ఈ లెక్కతో చూస్తే, కింద ఎర్ర పళ్లెం, పైన గొట్టం ఉండి తాడుకు వేలాడే మామూలు ప్లాస్టిక్ ఫీడరే అన్నిటికన్నా నయం. ఐదు కిలోలు పట్టేది చాలు. కొనేటప్పుడు పళ్లెం మీద గడులున్న చక్రం ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే కోడి ముక్కుతో అటూ ఇటూ చిమ్మి, గింజ ఏరుకుని, పిండిని కింద పోస్తుంది. పళ్లెం అంచు కోడి వీపు ఎత్తుకు రావాలి. వనరాజ లాంటి పెద్ద జాతి పుంజులు, చిన్న నాటు పెట్టలు కలిసి ఉంటే చిన్న పెట్ట వీపే కొలత. పిల్లలు ఎదుగుతుంటే ఎత్తు మారుస్తూ ఉండాలి కాబట్టి తాడు ముడికన్నా గొలుసూ కొక్కెం సుఖం. పళ్లెంలో దాణా సగానికి మించనివ్వొద్దు, మూడో వంతు ఉంటే ఇంకా మంచిది. నిండుగా పోస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సాయంత్రానికి కింద ఊకంతా పసుపు పచ్చగా మారుతుంది.

పీవీసీ గొట్టం ఫీడర్‌కు వీడియోల్లో వచ్చిన పేరు పెరట్లో నిలబడలేదు. 110 మి.మీ. పైపు, కింద వై జాయింటు, పైన మూత: చేయడానికి గంట పట్టదు. కానీ మాష్ దాణా, అంటే పిండిగా ఉండే దాణా, వానాకాలం చెమ్మకు గొట్టంలో కమాను కట్టినట్టు బిగుసుకుంటుంది. మూత తీస్తే నిండుగానే కనిపిస్తుంది, కింద నోరు మాత్రం ఖాళీ. పూటపూటా కర్రతో తట్టాల్సిందే. పెల్లెట్లకూ (గుళికల దాణా) జొన్నలకూ ఆ బాధ లేదు. నోటి దగ్గర ఎండ్ క్యాప్‌ను సగానికి కోసి అతికిస్తే చిమ్మడం తగ్గుతుంది. కోసిన అంచును సాండ్ పేపర్‌తో రుద్దకపోతే మెడ ఈకలు గీరుకుపోతాయి. ఇంకో చిక్కుంది. ఒక్కో నోటి దగ్గర ఒక్క కోడికే చోటు. పుంజు అక్కడ తిష్ఠ వేసిందంటే బెదురు పెట్టలకు లంఖణమే. ఏ రకం వాడినా మేత రెండు చోట్ల, ఒకదానికొకటి కనబడనంత దూరంలో ఉండాలి.

చీకట్లో కోడి తినదు. పొద్దుగూకగానే ఫీడర్ తీసి మూతున్న డబ్బాలో పెట్టేస్తే పందికొక్కుల గొడవ సగం పోతుంది. చీమలకైతే వేలాడే తీగ మధ్యలో బెత్తెడు మేర గ్రీజు. తడిసి ముద్దైన దాణాను ఎండబెట్టి మళ్లీ పోయకూడదు, పారేయాల్సిందే. బూజు విషం ఎండకు పోదు.

మేత తొట్టిలో తప్పు జరిగితే పోయేది డబ్బు. నీళ్ల దగ్గర తప్పు జరిగితే పోయేది కోడి.

బోర్లించిన జాడీ డ్రింకర్ నెల లోపు పిల్లలకు బాగుంటుంది. మొదటి వారం పళ్లెంలో గులకరాళ్లు వేస్తే మునిగి చావవు. పెద్ద కోళ్లకు పనికిరాదు, గీకిన ఊకంతా అందులోనే పడుతుంది. పైగా అది గాలి బిగువు మీద నడిచే వస్తువు. జాడీ పైభాగాన వెంట్రుకంత నెర్రె పడ్డా గాలి దూరి, నీళ్లన్నీ పళ్లెంలోంచి పొర్లిపోతాయి. సగం ఖాళీ అయిన జాడీని ఎండలో పెడితే నెర్రె లేకపోయినా కారుతుంది, లోపలి గాలి వేడికి పెరిగి నీళ్లను బయటికి నెడుతుంది. ఊక తడిసిన చోటే రక్తపారుడు మొదలవుతుంది. కాబట్టి ఇది చిన్న లోపం కాదు.

పెద్దవాటికి నిలబడింది నిపుల్ డబ్బా, అంటే కోడి ముక్కుతో పొడిస్తే నీటిచుక్క కారే చిన్న మీటలు అడుగున ఉన్న డబ్బా. వంటనూనె 15 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా సబ్బు నీళ్లతో జిడ్డు పోయేదాకా కడిగి, అడుగున 9 మి.మీ. బిట్టుతో మూడు రంధ్రాలు వేసుకోవాలి. నిపుల్ మరకు టెఫ్లాన్ టేపు మూడు నాలుగు చుట్లు చుట్టి, రబ్బరు వాషర్ వేసి చేత్తో బిగించాలి. స్పానర్‌తో ఆపైన పావు చుట్టు చాలు, ఇంకా తిప్పితే ప్లాస్టిక్ చీలుతుంది. నాలుగైదు కోళ్లకు ఒక నిపుల్ ఉంటే తోపులాట ఉండదు. కోడి మెడ పైకి చాచి అందుకునే ఎత్తులో వేలాడదీయాలి.

చాలామంది మరిచేది మూతకు రంధ్రం. మూత గట్టిగా బిగిస్తే రెండు మూడు లీటర్లు దిగాక గాలి లోపలికి రాక నీళ్లు ఆగిపోతాయి. డబ్బాలో నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి, కోళ్లు నోళ్లు తెరుచుకుని నిలబడి ఉంటాయి. మేకుతో ఒక బెజ్జం పెడితే సరి. మిద్దె మీది ట్యాంకు నుంచి నేరుగా పైపు కలిపితే ఒత్తిడి ఎక్కువై నిపుళ్లు కారతాయి. మధ్యలో ఫ్లోట్ ఉన్న చిన్న డబ్బా పెట్టాలి. పొద్దున్నే ప్రతి నిపుల్‌నూ వేలితో నొక్కి చూడాలి. బోరు నీళ్ల ఉప్పు పేరుకుంటే మూసుకుపోతుంది, ఇసుక రేణువు ఇరుక్కుంటే కారుతూనే ఉంటుంది. ఉప్పుకైతే విప్పి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి కడగాలి, ఇసుకకైతే విప్పి కడిగితే చాలు. జింకు పూత రేకు తొట్టెల్లో మాత్రం వెనిగర్ పోయొద్దు, పూత కరిగి నీళ్లలో కలుస్తుంది.

అలవాటు చేయడానికి రెండు మూడు రోజులు. పిల్లలు నిపుల్ ఎర్ర రంగు చూసి ఇట్టే పొడుస్తాయి, ముదురు పెట్టలు మొండికేస్తాయి. వేలితో చుక్క కారేలా చేసి చూపించాలి. అన్నీ తాగుతున్నాయని తేలేదాకా పాత గిన్నె పూర్తిగా తీసేయొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో నిపుల్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మామూలు రోజుల్లో పావు లీటరు తాగే కోడి ఆ ఎండకు అంతకు రెట్టింపు తాగుతుంది. డబ్బాలో నీళ్లు కాగితే ముట్టదు. తమ్మెలు తడుపుకోవడానికి నిపుల్‌లో వీలు లేదు. అందుకని నీడలో రెండు ఇటుకల మీద వెడల్పాటి మట్టి తొట్టి అదనం. రోజుకు మూడుసార్లు నీళ్లు మార్చాలి. లోపలి గోడను వేలితో రాస్తే జారుతోందంటే పాకుడు పట్టినట్టే, కొబ్బరి పీచుతో తోమి ఎండలో బోర్లించాలి. మారు తొట్టి ఒకటి దగ్గరుంటే ఈ పని తప్పించుకోరు. కొక్కెర తెగులు రాకుండా వేసే లాసోటా టీకా నీళ్లలో ఇచ్చే రోజు మట్టి తొట్టీ వద్దు, రేకూ వద్దు. బ్లీచింగ్ తగలని ప్లాస్టిక్ పళ్లేలు అన్ని కోళ్లకూ ఒకేసారి అందేలా పెట్టాలి.