క్రిటికల్ సప్లయర్ ఎవరు: బిల్లు చూడాలా, రిస్కు చూడాలా?

ఆడిట్ తేదీ దగ్గరపడితే చాలు, ఫార్మా, మెడికల్ డివైజ్ కంపెనీల్లోని మిత్రులు ఇదే అడుగుతుంటారు: క్రిటికల్ సప్లయర్ల (ఎక్కువ నిఘా పెట్టాల్సిన సరఫరాదారుల) లిస్టు కొనుగోళ్ల విలువను బట్టి వెయ్యాలా, రిస్కును బట్టా?

విలువ పద్ధతి సులువు. ఏడాది కొనుగోళ్ల రిపోర్టు తీసి పెద్ద మొత్తాలు పైకి పేరిస్తే పని అయిపోతుంది, పర్చేజ్ వాళ్లతో గొడవా ఉండదు. బేరమాడటానికి ఆ లిస్టు బాగానే పనికొస్తుంది. కానీ దగ్గు సిరప్ కంపెనీలో అలా వేస్తే సీసాలవాళ్లు, అట్టపెట్టెలవాళ్లు పైకొచ్చి, అప్పుడప్పుడూ నాలుగు డ్రమ్ముల ప్రొపిలీన్ గ్లైకాల్ (సిరప్‌లో మందును కరిగించే ద్రవం) పంపే ట్రేడర్ అడుక్కి పోతాడు. సీసాకు పగులుంటే కంటికి కనిపిస్తుంది. డ్రమ్ములో విషమైన డైఇథిలీన్ గ్లైకాల్ కలిస్తే రంగు మారదు, తీపీ తగ్గదు. దానికోసమే గ్యాస్ క్రొమటోగ్రఫీ లాంటి టెస్టు పెడితే తప్ప బయటపడదు. తాగిన పిల్లల కిడ్నీలు పోతాయి.

అందుకే రిస్కులోనూ నేను మొదట అడిగేది ఒకటి: సప్లయర్ తప్పు చేస్తే మన ఇన్‌కమింగ్‌లో (సరుకు దించుకునేటప్పుడు చేసే తనిఖీలో) దొరుకుతుందా? 2008లో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ఉదంతంలో కల్తీగా కలిసిన ఓవర్‌సల్ఫేటెడ్ కాండ్రాయిటిన్ సల్ఫేట్ అప్పటి ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) పరీక్షలను దాటేసింది. స్టెరిలైజేషనూ అంతే. ఇరవై శాంపిళ్లు పాసయ్యాయని లాటంతా స్టెరైల్ అనలేం. బిల్లు చిన్నదైనా గామా కిరణాలతో స్టెరిలైజ్ చేసే ప్లాంటు లిస్టులో పైనే ఉండాలి. మెడికల్ డివైజ్‌ల నాణ్యతా ప్రమాణం ఐఎస్ఓ 13485:2016లోని 7.4.1 క్లాజు కూడా కొన్నది డివైజ్ నాణ్యత మీద ఎంత ప్రభావం చూపుతుంది, రిస్కెంత అనే అడుగుతుంది. బిల్లు ఊసే ఎత్తదు.

ఇక ఒక్కడే సప్లయర్ ఉన్న సరుకు సంగతా? అది సరఫరా ఆగిపోతుందన్న టెన్షన్, దానికి వేరే లిస్టు పెట్టుకోండి. పాత రిజెక్షన్లు స్కోర్‌కార్డులో చూసుకుంటే సరిపోతుంది.

రిస్కు లిస్టు వేసేవాళ్లు ట్రేడర్ పేరు రాసి ఊరుకోకండి. 2006లో పనామాలో ఎందరినో చంపిన 'గ్లిజరిన్' (నిజానికి డైఇథిలీన్ గ్లైకాలే) చైనా నుంచి బీజింగ్, బార్సిలోనా ట్రేడర్ల చేతులు మారి వచ్చింది. దారిలో సర్టిఫికెట్ మీద అసలు తయారీదారు పేరే ఎగిరిపోయింది. తయారీదారు పేరు, ప్లాంటు అడ్రసు రెండూ రాయండి. ట్రేడర్ అవి చెప్పనంటే ఆ డ్రమ్ములు దించుకోవద్దు.