7,500కే రీమ్యాప్ అంటే ఎగబడకండి, నా డీజిల్ స్విఫ్ట్‌కి జరిగింది చదవండి

హైదరాబాద్‌లో పాత డీజిల్ స్విఫ్ట్ పెట్టుకుని "రీమ్యాప్ చేయించి, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో ఫైలు మార్చి, తక్కువలో పవర్ పెంచుదాం" అనుకుంటున్నవాళ్లు ఒక్క రెండు నిమిషాలు ఇది చదవండి, తర్వాత మీ ఇష్టం. షాపు పేరు రాయను, ఆ గొడవలు నాకొద్దు. వాళ్ల పద్ధతి చెబుతా, ఎక్కడ కనబడినా మీరే పట్టేస్తారు.

నాది 2014 వీడీఐ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా. ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజన్, 75 పీఎస్ పవర్, 190 ఎన్ఎం టార్క్ (లాగే బలం). నడిపినవాళ్లకి తెలుసు, 2,000 ఆర్‌పీఎం లోపు బండి నిద్రపోతుంది, టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టేది) అందుకున్నాక ఒక్కసారిగా లాగుతుంది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా గేర్లు దింపలేక విసుగొచ్చి రీమ్యాప్ చేయిద్దామనుకున్నా. పేరున్న ట్యూనర్లు పాతిక వేల దాకా చెప్పారు, ఒకచోట మాత్రం 7,500. "115 పీఎస్ ఖాయం అన్నా, మైలేజీ కూడా పెరుగుద్ది" అన్నాడు. ఇదే ఇంజన్‌ని ఎర్టిగాలో 90 పీఎస్‌తో ఇవ్వడానికి కంపెనీ టర్బోనే మార్చి వేరియబుల్ జామెట్రీది (లోపలి రెక్కల కోణం మారేది) పెట్టింది. 15 పీఎస్ కోసం కంపెనీ అంత పని చేస్తే, ఈయన ల్యాప్‌టాప్‌తో ఇరవై నిమిషాల్లో 40 ఇస్తానంటే నేను తలూపాను.

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్‌కి కనెక్షన్ ఇచ్చే సాకెట్) వైరు పెట్టాడు. బ్యాటరీకి ఛార్జర్ కూడా తగిలించలేదు (ఫైల్ రాస్తుండగా ఓల్టేజీ పడిపోతే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, చచ్చిపోవచ్చని తర్వాత తెలిసింది, ఆ ఒక్కటీ జరగలేదు, దేవుడి దయ). ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్, అందులో "స్విఫ్ట్ స్టేజ్1 ఫైనల్ కొత్తది" అనే ఫైలు. అదే ఎక్కించాడు. ముందు నా బండిలో ఉన్న ఒరిజినల్ ఫైల్ చదివి దాచలేదు, రోడ్డు మీదికి తీసుకెళ్లి లాగ్ (నడుస్తున్నప్పటి ఇంజన్ రీడింగులు) తియ్యలేదు, డైనో (పవర్ కొలిచే మిషన్) అయితే అసలే లేదు. నేనూ అడగలేదు, ఏం అడగాలో తెలిస్తే కదా.

మొదటి వారం పండగే. ఓఆర్‌ఆర్ మీద నాలుగో గేర్‌లో తొక్కితే సీటుకి అతుక్కుపోయా. వెనక ఇంకో కారులో వస్తున్న ఫ్రెండ్ ఫోన్ చేసి "నీ వెనక రోడ్డు కనబడట్లేదురా" అన్నాడు, నవ్వేశా. అసలు సంగతి ఏంటంటే, లోపలికి వచ్చే గాలికి సరిపడా డీజిల్ మాత్రమే పడేలా కంపెనీ ఒక హద్దు పెడుతుంది, స్మోక్ లిమిటర్ అంటారు. మనోడు ఆ హద్దు ఎత్తేసి డీజిల్ పెంచాడు, గాలి మాత్రం అంతే. మండకుండా మిగిలిందంతా నల్లపొగ, దాంతోపాటు ఎగ్జాస్ట్ వేడి, ఆ వేడి నేరుగా టర్బో మీద. పొల్యూషన్ టెస్టుకి వెళ్తే బీఎస్-4 డీజిల్‌కి 50 హెచ్‌ఎస్‌యూ (పొగ చిక్కదనం కొలిచే లెక్క) దాటకూడదు, నాది 70 పైన చూపించింది. అక్కడి కుర్రాడు "కొంచెం తక్కువ తొక్కి తీద్దామా అన్నా" అన్నాడు, అది వేరే కథ.

తర్వాత నెల అమ్మ, అక్క, బావ, పిల్లాడితో శ్రీశైలం బయల్దేరాం. డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఎక్కుతుంటే మూడో గేర్‌లో ఆర్‌పీఎం ముల్లు 3,000 దాటి పోతోంది, స్పీడు ముల్లు 40 దగ్గరే నిలబడింది. "ఏదో గుడ్డ కాలుతున్న వాసనరా" అంది అమ్మ. గుడ్డ కాదు, క్లచ్. 190 ఎన్ఎంకి లెక్కేసి చేసిన క్లచ్, అప్పటికే సగం అరిగింది, దాని మీద కింది ఆర్‌పీఎంలోనే అంత టార్క్ పడేసరికి జారిపోయింది. ఆ మలుపులో ఆగిపోతే బావ ఏమీ అనకుండా దిగి వెనక చక్రానికి రాయి పెట్టాడు. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

టోయింగ్‌కి 6,000, క్లచ్ సెట్ లేబర్‌తో 14,000. పాత ఫైల్ వెనక్కి పెట్టమంటే షాపు వాడి దగ్గర లేదు, ఇంకెవరిదో స్విఫ్ట్ ఫైల్ ఎక్కించాడు, మరుసటి రోజు పొద్దున్నే ఇంజన్ లైటు. చివరికి వేరే ట్యూనర్ నా ఈసీయూ సాఫ్ట్‌వేర్ నంబర్ చూసి దానికి సరిపోయే స్టాక్ (కంపెనీ ఇచ్చే) ఫైల్ పెట్టడానికి 5,000. మొదటి 7,500తో కలిపి మొత్తం 32,500. ఇంకా నయం, యాక్సిడెంట్ కాలేదు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా ఇంజన్ మార్పులు చేస్తే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టొచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అనుమతి లేని మార్పులకి ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది చట్టంలో.

అయినా చేయించుకుంటానంటే ముందు క్లచ్ చూపించుకోండి, తర్వాత ట్యూనర్‌ని ఒక్కటే అడగండి, నా ఒరిజినల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తావా అని. నసిగితే బండి తిప్పుకుని వచ్చేయండి.

ఆ రోజు నాకంటే ముందు అక్కడ తెల్ల పోలో డీజిల్‌కి చేయించుకున్న అన్న ఎవరో గానీ, ఇది కనబడితే మీ ఫైల్ వాడి దగ్గర ఉందో లేదో ఇవాళే కనుక్కోండి.