టెస్ట్ పోయింది, మళ్లీ ట్రక్కెక్కాలి: కంపెనీ మేలా, సొంత అథారిటీ మేలా?

అమెరికాలో సీడీఎల్ (పెద్ద ట్రక్కులు నడిపే కమర్షియల్ లైసెన్సు) మీద బతికేవాళ్లు డ్రగ్ టెస్ట్ పాజిటివ్ రాగానే అడిగే ప్రశ్న ఇది. ఇంకో కంపెనీ వెతుక్కోవాలా, సొంత పేరు మీద సరుకు మోసే ప్రభుత్వ అనుమతి, అంటే అథారిటీ తీసుకోవాలా? సాప్ (డ్రైవరును పరీక్షించి ఏ చికిత్స, శిక్షణ కావాలో రాసే నిపుణులు) దగ్గరికి వెళ్లడం ఎలాగూ తప్పదు. మొదటి సాప్ చెప్పింది ఎక్కువనిపించి ఇంకో సాప్‌ను పట్టుకున్నా చెల్లదు.

తేడా ఆ తర్వాత వస్తుంది. మళ్లీ పనిలోకి రావడానికి పాసవ్వాల్సిన రిటర్న్ టు డ్యూటీ టెస్టుకు మీ అంతట మీరు వెళ్లలేరు. సొంత డబ్బుతో ఎక్కడో చేయించుకున్న నెగెటివ్ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పంపాల్సింది కంపెనీ. సాప్ పని మొత్తం ముగించుకుని, పంపే కంపెనీ దొరక్క ఆగిపోయేవాళ్లు చాలామంది. డ్రైవర్ల డ్రగ్ టెస్టు వివరాలుండే ఫెడరల్ డేటాబేస్ క్లియరింగ్‌హౌస్‌లో స్టేటస్ 'ప్రొహిబిటెడ్' (నడపరాదు) అనే ఉండిపోతుంది. 2024 నవంబరు 18 నుంచి ఆ స్టేటస్ ఉంటే రాష్ట్రం సీడీఎల్‌నే డౌన్‌గ్రేడ్ చేస్తుంది.

సొంత అథారిటీ అయితే ఈ చిక్కు లేదు. క్లియరింగ్‌హౌస్‌లో ఒక కన్సార్టియంను (డ్రగ్ టెస్టుల పని చూసే సంస్థను) ఎంచుకుంటే, టెస్టుకు అదే పంపుతుంది. అందుకే చాలామంది అటు మొగ్గుతారు.

కానీ అసలు పరీక్ష, పనిలోకి వచ్చాక జరిగే ఫాలో-అప్ టెస్టులది. మొదటి 12 నెలల్లో కనీసం 6, సాప్ రాసినదాన్నిబట్టి 5 ఏళ్ల దాకా సాగొచ్చు. ఎన్ని, ఎప్పుడు అన్నది మీకు చెప్పరు. కంపెనీ మారినా ప్లాన్ మీ వెంటే వస్తుంది. పిలుపు వస్తే వెంటనే కదలాలి, వెళ్లకపోతే నిరాకరణ (టెస్టుకు ఒప్పుకోకపోవడం) కింద రాస్తారు. కంపెనీలో ఉంటే మీ లోడును ఇంకొకరికి అప్పగించడం డిస్పాచ్ పని. సొంత బండిలో లోడు, బ్రోకరు, అపాయింట్‌మెంటు అన్నీ మీ నెత్తినే. పైగా కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ కావాలి. కొత్త అథారిటీకి ప్రీమియం ఎటూ ఎక్కువే. డ్రగ్ ప్రోగ్రాం లేకుంటే కొత్తవాళ్ల సేఫ్టీ ఆడిట్‌లో ఫెయిలవుతారు.

అందుకే మొదటి ఏడాది కంపెనీలోనే గడపండి, చిన్నదైనా సరే. పాత కంపెనీ తిరిగి తీసుకుంటే మంచిదే, తీసుకోవాలని చట్టమేమీ లేదు. చేరేముందు రాతపూర్వకంగా అడగాల్సినవి ఉన్నాయి: రిటర్న్ టు డ్యూటీ టెస్టుకు ఎప్పుడు పంపుతారు, ఫాలో-అప్ ఖర్చు ఎవరిది (రూలు ఎవరినీ కట్టమనదు), నెగెటివ్‌ను 3 పనిదినాల్లో క్లియరింగ్‌హౌస్‌లో ఎవరు నమోదు చేస్తారు. ఈ చివరిది ఆలస్యమైతే టెస్ట్ పాసైనా స్టీరింగ్ ముట్టుకోకూడదు.

10,001 పౌండ్ల లోపు వ్యాను లాంటిది, సీడీఎల్ అవసరం లేనిది, ఈలోగా నడుపుకోవచ్చు; అంతకు మించిన బాక్స్ ట్రక్కును రాష్ట్రాల మధ్య నడపడానికి, సీడీఎల్ అక్కర్లేకున్నా, ఈ నిషేధం అడ్డు. సంపాదన తక్కువ.

ఇక టెస్ట్ గదిలో జరిగేది ముందే తెలిసి ఉండాలి. రిటర్న్ టు డ్యూటీ, ఫాలో-అప్ టెస్టులన్నీ కళ్లెదుటే తీస్తారు. చొక్కా నడుము పైకి ఎత్తి, ప్యాంటు తొడల మధ్య దాకా దించి, ఒకసారి గుండ్రంగా తిరగాలి. ఆ తర్వాత మీ జెండర్‌ వ్యక్తే మూత్రం కప్పులో పడటం చూస్తారు. 45 మిల్లీలీటర్లు కావాలి. రాకపోతే 3 గంటల గడువు, 40 ఔన్సుల దాకా నీళ్లు. భయంతో ముందే లీటర్లకు లీటర్లు తాగొస్తే శాంపిల్ పలచబడి మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. ఆ గడువు ముగియకముందే లేచి వెళ్లిపోతే అదీ నిరాకరణే, మళ్లీ సాప్ దగ్గర మొదటినుంచి.