పద్య విశ్లేషణ కార్డులు: స్వరానికి భేష్, ప్రస్తావనకు పొడిపొడి

నల్లగొండ పుస్తకాల దుకాణంలో దొరికే ఈ కార్డుల పెట్టె 6 నుంచి 8వ తరగతి పిల్లలకు. స్వరం కార్డులకు మాత్రం పూర్తి మార్కులు. వేమన ‘మేడిపండు’ పద్యాన్ని ముందు జాలిగా, తర్వాత వెటకారంగా చదివించి, ఏ మాట దగ్గర అతకలేదో గీత గీయమంటాయి. ‘బింకం’ దగ్గరికొచ్చేసరికి జాలి నిలవదు. పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

సారం కార్డులో జాగా ఒక్క మాటకే ఇచ్చారు, దెబ్బతిన్నది అక్కడే. పిల్లలు ‘పిరికితనం’ అని రాసి ఊరుకుంటారు. అది విషయం, సారం కాదు. ‘పిరికివాడి బింకం పైపైనే’ అని పూర్తి వాక్యం, దాని కింద ఆధారంగా పద్యంలోని రెండు మాటలు రాయించాలి. కార్డు వెనక ఖాళీ ఉంది, వాడుకోండి.

పురాణ ప్రస్తావనలైతే మరీ అన్యాయం. శల్యసారథ్యం, ఉత్తరకుమారుడు అంటూ అర్థాలిచ్చి వదిలేశారు. కథ తెలియని పిల్లకు అది బట్టీయే గదా! వీటికన్నా ఊళ్లో నీళ్ల ట్యాంకు మీది తాగునీటి పథకం పేరు ‘మిషన్ భగీరథ’ నయం. భగీరథుడెవరు, ఏం తెచ్చాడు, ఫ్లోరైడ్‌తో నలిగిన జిల్లాలో ఆ పేరుకు అంత బరువెందుకు? మూడోది అడగకపోతే కథ చెప్పినట్టే, విశ్లేషణ కాదు.

అట్ట పల్చన. లామినేషన్ చేయించాకే పంచండి.